గొట్టంలో నానో ద్రవం: లాభం ఎంత, ఖర్చు ఎంత?

(కెలవరపల్లిలో జరిగిన ట్రస్టు ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సైన్సు గురించి ఏదైనా చెప్పమన్నారు. ఇక్కడ ఇంజనీరింగు చదివే పిల్లలు ఉన్నారు, పదో తరగతి పిల్లలు ఉన్నారు, బడి ముఖం చూడని అమ్మలూ ఉన్నారు. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే వంటింటి నుంచి మొదలుపెట్టడం మంచిది. మన ఇళ్లలో రాగి అంబలి కాస్తారు. పలుచగా కలిపితే పొయ్యి మీద తనంతట తానే తిరుగుతూ కాగుతుంది. పిండి నాలుగు గరిటెలు ఎక్కువ పడిందనుకోండి, కలియబెట్టకపోతే అడుగంటుతుంది. పొయ్యి అదే, మంట అదే, గిన్నె అదే. చిక్కబడిన అంబలి కదలదు కాబట్టి అడుగున ఉన్న వేడి పైకి రాదు. ఇది ఇక్కడున్న ప్రతి అమ్మకూ తెలుసు. ఇంతే తెలిసిన విషయాన్ని ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు పదిహేనేళ్ల పాటు ఎలా తేల్చుకోవలసి వచ్చిందో, అందులో మన అబ్బాయి ఒకడు ఎలా ఇరుక్కున్నాడో చెబుతాను.

నిరుడు మన ట్రస్టు ప్రాజెక్టు ఖర్చుకు సాయం చేసిన పిల్లల్లో మెకానికల్ చివరి సంవత్సరం అబ్బాయి ఒకడున్నాడు. పేరు చెప్పను, వాడు ఒప్పుకోలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ గులాబీ తోటలో కూలికి పోతారు. వాడు ఎంచుకున్న ప్రాజెక్టు నానో ద్రవాలు. నీళ్లలో అల్యూమినా పొడి కలిపి, ఆ నీళ్లను రాగి గొట్టంలో పంపించి, గొట్టానికి చుట్టిన హీటరు వేడిని ఆ నీళ్లు ఎంత బాగా లాక్కుంటాయో కొలవాలి.

అల్యూమినా అంటే అల్యూమినియం ఆక్సైడు. దాన్ని నానో సైజులో పొడి చేస్తారు. ఒక మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు ఎనభై వేల నుంచి లక్ష నానోమీటర్లు. ఈ పొడి రేణువు నలభై, యాభై నానోమీటర్లు ఉంటుంది. అంత చిన్నది ఎందుకంటే, పెద్ద రేణువులైతే అడుగున పేరుకుంటాయి, గొట్టాన్ని గీరేస్తాయి, సన్నని దారులు పూడ్చేస్తాయి. ఎదురుగా ఉన్న డ్యాములో పూడిక చూస్తూనే ఉన్నాం కదా.

లోహం కలిపితే నీళ్లు వేడిని బాగా మోస్తాయన్న ఆలోచన కొత్తది కాదు. మాక్స్‌వెల్ 1873లోనే మిశ్రమాల వాహకత్వానికి సూత్రం రాసి పెట్టాడు. ఉష్ణ వాహకత్వం లెక్కలో నీళ్లకు 0.6 అయితే రాగికి 400 దాకా ఉంటుంది, అల్యూమినాకు ముప్పై పైన. అంత తేడా ఉన్నప్పుడు కొంచెం కలిపినా లాభమే అనిపిస్తుంది. షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో స్టీఫెన్ చోయ్ 1995లో దీనికి నానో ఫ్లూయిడ్ అని పేరు పెట్టాడు. 2001లో అదే ప్రయోగశాల వాళ్లు ఇథిలీన్ గ్లైకాల్‌లో నూటికి 0.3 వంతు మాత్రమే రాగి రేణువులు కలిపి వాహకత్వం 40 శాతం దాకా పెరిగిందని ప్రకటించారు. మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం ఒక శాతమైనా పెరగకూడదు. అక్కడి నుంచి ప్రపంచమంతా దీని వెంట పడింది.

మనకు దగ్గరలోనే మద్రాసు ఐఐటీలో సరిత్ కుమార్ దాస్ బృందం 2003లో ఇంకో సంగతి చూపించింది. ద్రవం వేడెక్కిన కొద్దీ ఈ లాభం పెరుగుతోందని, 21 డిగ్రీల నుంచి 51 డిగ్రీలకు వెళ్లేసరికి రెండు నుంచి నాలుగు రెట్లు అవుతోందని రాశారు. 2007లో చోయ్, దాస్, యూ, ప్రదీప్ కలిసి ఈ విషయం మీద ఒక పుస్తకమే వేశారు. మన తెలుగు నేల మీద హైదరాబాదు జేఎన్‌టీయూలో కె.వి.శర్మ, ఎల్.శ్యాంసుందర్, విశాఖపట్నం గీతంలో ఉన్న పి.కె.శర్మ కలిసి అల్యూమినా నీళ్లను గొట్టంలో పంపి, లోపల మెలితిప్పిన రేకు పెట్టి కూడా ప్రయోగాలు చేశారు. 2009లో వాళ్లు అచ్చు వేసిన పత్రంలో ఘనపరిమాణం లెక్కన పొడి నూటికి 0.1 వంతు మాత్రమే. అంత తక్కువ ఎందుకు కలిపారన్నది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మన వాడు ఇవన్నీ చదివాడు. ఉత్సాహంగా మొదలుపెట్టాడు. మొదటి రోజు పొడి కలిపి పెట్టి ఇంటికి వెళ్లాడు. పొద్దున వచ్చి చూస్తే పైన తేట నీళ్లు, అడుగున ముగ్గుపిండిలాగా తెల్లని పొర. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలై దిగిపోయాయి. ఎవరో చెబితే తడి కలవడానికి, విడివిడిగా నిలబడడానికి సబ్బు జాతి రసాయనం కలిపాడు. దాని పేరు సోడియం డోడెసిల్ బెంజీన్ సల్ఫొనేట్. పేరు పెద్దది గానీ మనం బట్టలు ఉతికే డిటర్జెంటు పొడిలో ఉండే జాతి సరుకే అది. పొడి నిలబడింది. కానీ పంపు వేయగానే తొట్టి నిండా నురగ! వాడు నాకు ఫోన్ చేసి, ‘సార్, మన డ్యాము గేట్లు ఎత్తినట్టుంది’ అన్నాడు. బెంగళూరు మురుగుతో దక్షిణ పినాకినిలో వచ్చే నురగ ఇక్కడ గేట్ల కింద కొండలాగా లేవడం మీకందరికీ తెలుసు. ఆ నురగకూ ఈ నురగకూ చుట్టరికం ఉంది. నురగ గొట్టంలోకి పోతే గాలి బుడగలు వేడిని మోయవు, పంపు కొట్టుకుంటుంది. రసాయనం తగ్గించి, అల్ట్రాసోనిక్ యంత్రం అరువు తెచ్చి, రెండు వారాలు పాట్లు పడి దాన్ని దారికి తెచ్చాడు. పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేసే పని ఇది. అందులోనే సగం ప్రాజెక్టు కాలం పోయింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. పంపు అదే ఉంచి, వాల్వు అలాగే ఉంచి, ముందు మంచినీళ్లతో, తర్వాత నానో ద్రవంతో రీడింగులు తీశాడు. నానో ద్రవం మంచినీళ్ల కంటే తక్కువ వేడి లాక్కుంటోంది! మూడు సార్లు తీశాడు. థర్మోకపుల్స్ మార్చాడు. అంతే.

తోటి పిల్లలు ఒక దారి చెప్పారు. ‘రేనాల్డ్స్ సంఖ్య సమానంగా ఉంచి పోల్చు, అప్పుడు లాభం కనబడుతుంది. మానోమీటరు రీడింగుల పట్టిక తీసెయ్, ఎవరూ అడగరు’ అని. వాడికి ప్రాజెక్టు మార్కులు ముఖ్యం. అవి తగ్గితే మొత్తం సగటు పడిపోతుంది, పై చదువుకు ఉపకార వేతనం అడగడానికి ఉండదు. ఒక సాయంత్రం సైకిలు మీద మా ఇంటికి వచ్చి నోటుపుస్తకం ముందు పెట్టి, ‘ఏది రాయాలి సార్?’ అన్నాడు. ‘ఏమప్పా, రీడింగులు నీవేనా?’ అని అడిగాను. నావే అన్నాడు. అయితే కూర్చో, లెక్క వేద్దాం అన్నాను.

ఆ లెక్క ఇక్కడ చెబుతాను. ఇంజనీరింగు పిల్లలు కాగితం తీసుకోండి. మిగతావాళ్లు చివరి అంకెలు మాత్రం వినండి.

నీళ్లలో నూటికి 2 వంతులు ఘనపరిమాణం అల్యూమినా కలిపామనుకుందాం. ఉష్ణ వాహకత్వం మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం 6 శాతం పెరుగుతుంది. పొడి బరువైనది కాబట్టి సాంద్రత కూడా 6 శాతం పెరుగుతుంది. కిలో ద్రవం ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి, అదే విశిష్టోష్ణం, 6 శాతం తగ్గుతుంది. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇక చిక్కదనం, పుస్తకం మాటలో స్నిగ్ధత. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారమైతే 5 శాతమే పెరగాలి. ఐన్‌స్టీన్ లెక్క గుండ్రని, విడివిడి రేణువులకు. ముద్దలైన రేణువులు తమ మధ్య నీళ్లను కూడా పట్టుకుంటాయి, ఉన్నదానికంటే పెద్దవైనట్టు ప్రవర్తిస్తాయి. అందుకని 30 శాతం పెరిగిందని మన లెక్కకు తీసుకుందాం.

గొట్టంలో ద్రవం సుడులు తిరుగుతూ పారుతున్నప్పుడు డిట్టస్–బోల్టర్ సూత్రం వాడతాం. రేనాల్డ్స్ సంఖ్య సమానంగా ఉంచి పోలిస్తే నానో ద్రవం ఉష్ణ ప్రసార గుణకం నీళ్ల కంటే 12 శాతం ఎక్కువ వస్తుంది. భేష్ అనిపిస్తుంది. కానీ రేనాల్డ్స్ సంఖ్యలో చిక్కదనం హారంలో ఉంది. చిక్కటి ద్రవానికి అదే సంఖ్య రావాలంటే దాన్ని ఎక్కువ వేగంగా తోయాలి. ఇక్కడ 23 శాతం ఎక్కువ వేగం కావాలి. దానికి పంపు ఖర్చు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. 12 శాతం లాభం పొడి వల్ల వచ్చిందా, తోపు వల్ల వచ్చిందా?

అది తేలాలంటే మంచినీళ్లకే ఆ రెట్టింపు పంపు ఖర్చు పెట్టి చూడాలి. చూస్తే మంచినీళ్లు 21 శాతం లాభం ఇస్తాయి. పొడి కొనక్కరలేదు, నురగ లేదు, ముగ్గుపిండి లేదు. ఇంకోలా, రెండిటికీ వేగం సమానంగా ఉంచి పోలిస్తే నానో ద్రవం 5 శాతం నష్టం, పైగా పంపుకు 10 శాతం ఎక్కువ కరెంటు. అదే ద్రవం, అదే గొట్టం. ఏది సమానంగా ఉంచావన్నదాన్ని బట్టి 12 శాతం లాభం కావచ్చు, 5 శాతం నష్టం కావచ్చు. రెండూ అబద్ధం కావు. ఒకటే రాసి రెండోది దాస్తే మాత్రం అబద్ధమే.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1998లోనే అమెరికాలో పాక్, చో అనే ఇద్దరు దీన్ని కొలిచి చెప్పారు. నూటికి 3 వంతులు పొడి కలిపినప్పుడు, సగటు వేగం సమానంగా ఉంచితే ఉష్ణ ప్రసార గుణకం నీళ్ల కంటే 12 శాతం తక్కువ వచ్చింది. నూటికి 10 వంతులు కలిపితే అల్యూమినా ద్రవం చిక్కదనం నీళ్లకు 200 రెట్లు అయింది. టైటానియా పొడి కలిపితే 3 రెట్లే. ఒకే పాళ్లు, రెండు పొడులు, ఇంత తేడా. అందుకే ఎవరిదో చిక్కదనం అంకె తెచ్చి మన ద్రవానికి వేసుకోకూడదు. మన పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. వాహకత్వం కొలుస్తారు, చిక్కదనం సూత్రంలోంచి తీసుకుంటారు.

సుడులు లేకుండా పొరలు పొరలుగా పారే ప్రవాహానికి ఇంకా అందమైన లెక్క ఉంది. 2006లో రవి ప్రశేర్, ఆయన తోటివాళ్లు చెప్పారు. వాహకత్వం ఎంత శాతం పెరిగిందో, చిక్కదనం దానికి నాలుగు రెట్ల లోపు శాతం పెరిగితే లాభం, దాటితే నష్టం. ఈ నాలుగు ఎక్కడిది? పొరల ప్రవాహంలో వేడి లాక్కునే శక్తి వాహకత్వాన్ని గొట్టం వ్యాసంతో భాగిస్తే వస్తుంది. వాహకత్వం ఒక శాతం పెరిగితే గొట్టం వ్యాసం కూడా ఒక శాతం పెంచుకోవచ్చు, వేడి లెక్క మారదు. గొట్టం ఒక శాతం వెడల్పైతే అదే నీటికి ఒత్తిడి నష్టం నాలుగు శాతం తగ్గుతుంది, ఎందుకంటే అది వ్యాసం నాలుగో ఘాతంతో పోతుంది. కాబట్టి చిక్కదనం నాలుగు శాతం పెరిగినా సరిపోతుంది. డ్రిప్పు వేసిన రైతులు ఇక్కడ ఉన్నారు. ముప్పావు అంగుళం పైపు వేసినవాడికీ అంగుళం పైపు వేసినవాడికీ చివరి మొక్క దగ్గర తేడా ఎంతుంటుందో వాళ్లను అడగండి, ఘాతాల మాట ఎత్తకుండానే చెబుతారు.

మన 2 శాతం ద్రవంలో వాహకత్వం 6, చిక్కదనం 30. ఐదు రెట్లు. పొరల ప్రవాహంలోనూ నష్టమే. హైదరాబాదు వాళ్లు 0.1 శాతం దగ్గర ఆగడంలో ఉన్న తెలివి ఇప్పుడు అర్థమవుతుంది. పొడి తక్కువైతే చిక్కదనం పెద్దగా పెరగదు. కాకపోతే మాక్స్‌వెల్ లెక్కలో వాహకత్వం కూడా పెద్దగా పెరగదు. అంబలిలో పిండి మాటే ఇది కూడా.

మరి 2001 నాటి ఆ 40 శాతం ఏమైంది? ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క అంకె చెబుతుంటే, 2009లో ప్రపంచంలోని ముప్పైకి పైగా సంస్థలు కలిసి ఒకే నమూనాలను పంచుకుని, ఎవరి పద్ధతిలో వాళ్లు కొలిచి, అంకెలు ఒక చోట పెట్టాయి. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ ఆచార్యుడు బుఒంజోర్నో దీన్ని నడిపించాడు. మద్రాసు ఐఐటీ, కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం కూడా పాల్గొన్నాయి. తేలింది ఏమిటంటే, వాళ్లు పరీక్షించిన ద్రవాల్లో వింత పెరుగుదల ఏదీ లేదు. మాక్స్‌వెల్ నాటి సూత్రాన్ని రేణువుల ఆకారానికి తగ్గట్టు సవరించి వాడితే అంకెలు సరిపోయాయి. తమ రంగానికి పేరు తెచ్చిన వింత లేదని ఆ రంగం వాళ్లే కూర్చుని కొలిచి, పేర్లు వేసి అచ్చు వేసుకున్నారు. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ గౌరవం కలిగింది ఆ పని మీద.

నానో ద్రవాలు పనికిరావని నేను అనడం లేదు. చోటు ఇరుకై, గొట్టం పెద్దది చేసే వీలు లేని చోట, పంపు ఖర్చు కంటే ఒక చిప్ వేడి తగ్గడమే ముఖ్యమైన చోట లెక్క వేరు. చలి దేశాల్లో గ్లైకాల్ కలిపిన నీళ్లే గతి, దాని వాహకత్వం మొదటే తక్కువ. అలాస్కాలో నంబూరు, కులకర్ణి, మిశ్రా, దాస్ అనేవాళ్లు 2007లో రాగి ఆక్సైడు కలిపిన గ్లైకాల్ నీళ్ల చిక్కదనాన్ని సున్నాకు 35 డిగ్రీల కింద నుంచి 50 డిగ్రీల దాకా కొలిచారు. వేడెక్కిన కొద్దీ చిక్కదనం వేగంగా పడిపోతుంది. అంటే చలి ఉదయం బండి స్టార్టు చేసేటప్పుడు ఒక కథ, ఇంజను కాగాక ఇంకో కథ. మన హోసూరులో 1980 నుంచి లారీలు తయారవుతున్నాయి, వాటి రేడియేటర్లలో పోసేది ఇప్పటికీ గ్లైకాల్ కలిపిన నీళ్లే. కృష్ణగిరి మామిడి గుజ్జు కార్ఖానాల్లో పనిచేసినవాళ్లు ఉంటే వాళ్లకు ఇదంతా పాత సంగతే. గుజ్జును గొట్టాల్లో కాచేటప్పుడు కష్టమంతా చిక్కదనంతోనే.

ఆ రాత్రి పదింటికి లెక్క అయిపోయింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ‘అయితే నా రీడింగులు తప్పు కాదు కదా సార్’ అన్నాడు. ఆ మాటలో వాడికి ఎంత బరువు దిగిందో ముఖం చూస్తే తెలిసింది. రిపోర్టులో మూడు పట్టికలూ పెట్టాడు: సమాన రేనాల్డ్స్ సంఖ్య, సమాన వేగం, సమాన పంపు శక్తి. మానోమీటరు రీడింగులు అనుబంధంలో పూర్తిగా ఇచ్చాడు. ముగ్గుపిండి ఫొటో కూడా పెట్టాడు. మౌఖిక పరీక్షలో, ‘లాభం లేని ద్రవాన్ని ఎందుకు ఎంచుకున్నావు?’ అని అడిగారట. ‘లేదని కొలిచాకే తెలిసింది’ అన్నాడట. మార్కులు మరీ తక్కువేమీ రాలేదు, అలాగని ఎక్కువా రాలేదు. సగటు మాత్రం మన ట్రస్టు పెట్టుకున్న గీతకు కొంచెం కిందే ఆగింది. వాడి పై చదువు దరఖాస్తు ఇప్పుడు కమిటీ ముందు ఉంది. నేను కమిటీలో లేను. కానీ రిపోర్టు చదివినవాణ్ని కాబట్టి, మార్కుల కాగితంతో పాటు ఆ రిపోర్టు నలభై పేజీలూ కూడా చదవమని ఈ వేదిక మీద నుంచే పెద్దలను కోరుతున్నాను.

ఇంకో చిన్న మనవి. ప్రాజెక్టు సాయం కోసం మన ట్రస్టు ఇచ్చే ఫారంలో ‘ఆశించే ఫలితం’ అని ఒక గడి ఉంది. దాని పక్కనే ‘ఏది సమానంగా ఉంచి పోలుస్తారు’ అని ఇంకో గడి చేర్చండి. ‘ఫలితం రాకపోతే సాయం వెనక్కి అడగము’ అన్న మాట కూడా కింద అచ్చు వేయించండి. పిల్లలు ఆ భయంతోనే పట్టికలు తీసేస్తున్నారు.

వాడు చేసిన సామాను, అంటే రాగి గొట్టం, హీటరు, మానోమీటరు, చిన్న పంపు, ట్రస్టు ఆఫీసు వెనక గదిలో పెట్టించి వెళ్లాడు. ఈ ఏడు ఎవరైనా వాడుకోవచ్చు. పొడి కొనకముందు ఒక నెల మంచినీళ్లతోనే రీడింగులు తీసి, పుస్తకంలోని సూత్రంతో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ప్రవాహం కొలిచే రోటామీటరు నీళ్లకు గీసింది, నానో ద్రవానికి తప్పు చూపుతుంది. దాన్ని నమ్మకుండా బక్కెట్టు, తూకం, గడియారం పెట్టి కొలవండి. మానోమీటరు ఎడమవైపు ట్యూబు కొంచెం కారుతోంది, అది మార్చుకోవాలి. తాళం చెవి ఆఫీసులో అడిగితే ఇస్తారు.